మిల్లు గేటు ముందు మనమూ బద్లీలమే
(రైతు సంఘం జిల్లా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఫ్యాక్టరీలు వచ్చాక పని, రోజువారీ బతుకు ఎట్లా మారాయో చెప్పమని కమిటీ నాకు అప్పగించింది. పొద్దున చాయ్ తాగుతుంటే ఒక తమ్ముడు అడిగాడు: "రైతు సంఘం క్లాసుల ఫ్యాక్టరీ ముచ్చట ఎందుకన్నా? మద్దతు ధర గురించి చెప్తే పాయె గదా!" న్యాయమైన ప్రశ్నే. జవాబు చివర్లో చెప్తాను. ముందు మా ఇంటి నుంచి మొదలుపెడతాను. మా ఇంటి కథ ఇక్కడ కూర్చున్న సగం మంది ఇండ్లల్లో జరిగిందే.

బాపు లేచే యాళ్ళ

మా బాపు 18 ఏళ్ళ వయసులో బొంబాయి పోయి బట్టల మిల్లులో చేరాడు. మాకు సిరిసిల్ల దిక్కు రెండెకరాల చెల్క. బావి కింద పది గుంటలు వరి. అన్నదమ్ములు ముగ్గురు. ముగ్గురికీ ఆ భూమి తిండి పెట్టదు. అందుకే ఒకడు ఊర్లో, ఒకడు షోలాపూర్‌లో, మా బాపు బొంబాయిలో.

ఆయన ఊరికి తిరిగి వచ్చాక నేను గమనించిన సంగతి ఒకటుంది. ఎవరూ లేపకుండా తెల్లారకముందే లేచి కూర్చునేవాడు. కోడి కూయకముందే ముఖం కడుక్కొని వాకిట్లో బీడీ ముట్టించేవాడు. "ఇంత పొద్దుగాల ఏం పనే?" అని అవ్వ అడిగితే "భోంగా మోగింది" అనేవాడు. బొంబాయిలో మిల్లు కూతను భోంగా అంటారు. మా ఊర్లో భోంగా ఎక్కడిది? ఆయన తలకాయలో మోగేది. మొదటి షిఫ్టు పొద్దున 7 గంటలకు. అంతకుముందే నల్లా దగ్గర లైను, పాయఖానా దగ్గర లైను, గేటు దగ్గర లైను. ఇరవై ఏళ్ళు లేచిన మనిషికి మిల్లు పోయినా ఆ కూత పోలేదు.

ఫ్యాక్టరీ మనిషిని ఎంత లోపలి దాకా మార్చిందో నాకు పుస్తకం చదవక ముందే మా వాకిట్లో తెలిసింది.

పత్తి ఊరు దాటక ముందు

పాత రోజుల్లో పత్తి చేను నుంచి ఇంటికి వచ్చేది. ఇంట్లోనే గింజ తీసేవాళ్ళు. దూదేకుల వాళ్ళు దూది ఏకేవాళ్ళు. ఆడవాళ్ళు రాట్నం మీద నూలు వడికేవాళ్ళు. పద్మశాలీలు మగ్గం మీద నేసేవాళ్ళు. గింజల్లో కొన్ని విత్తనానికి ఉంచుకొని మిగిలినవి బర్రెలకు పెట్టేవాళ్ళు. చేనుకూ చీరెకూ మధ్య దూరం నాలుగు ఊర్లు. ఆ నాలుగు ఊర్లలోనే పది కులాల వాళ్ళకు పని.

ఇది చెప్పి ఆ కాలం బంగారం అనను. దొర గడీ ముందు వెట్టి చేసిన ఊర్లు ఇవి. ఎవరు ఏ పని చేయాలో పుట్టుకే తేల్చేది. కూలి గింజలు దొర ఇష్టం. బొంబాయికి పోయిన వాళ్ళలో చాలామంది కూటి కోసం ఎంత పోయారో, వెట్టి తప్పించుకోవడానికి అంత పోయారు. బొంబాయిలో కామాఠీపుర అనే పేటకు ఆ పేరు మన నిజాం ఇలాకా నుంచి పోయి కట్టుబడి పనులు చేసిన కామాఠీల వల్లనే వచ్చింది. మనం మిల్లు కంటే ముందే అక్కడున్నాం.

బొంబాయిలో మొదటి బట్టల మిల్లు కంపెనీని 1854లో కవాస్జీ దావర్ పెట్టాడు. అప్పటికే ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లుల బట్ట మన మగ్గాల మీద పడింది. తర్వాత 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. అక్కడి పత్తి ఆగిపోయింది. లాంకషైర్‌కు దూది కావాలి. వ్యాపారులు దక్కన్ పల్లెలకు వచ్చి ముందే డబ్బులిచ్చి పత్తి వేయించారు. ధర పెరిగింది, అప్పు సులువుగా పుట్టింది. 1865లో యుద్ధం అయిపోయింది, ధర కూలింది. ధర పోయింది గాని అప్పు ఉండిపోయింది. పదేళ్ళు తిరిగేసరికి, 1875 మే నెలలో, పుణె జిల్లా సుపే గ్రామంలో రైతులు షావుకార్ల ఇండ్ల మీద పడి బాకీ పత్రాలు తగలబెట్టారు. అది చుట్టుపక్కల ఊర్లకు పాకింది. దక్కన్ రైతు తిరుగుబాటు అని చరిత్రలో రాసుకున్నది ఇదే.

ఎక్కడి మిల్లు, ఎక్కడి యుద్ధం, ఎక్కడి రైతు! చేను పక్కన ఫ్యాక్టరీ లేకున్నా ఫ్యాక్టరీ చేనుకు వస్తుంది. ఏ పంట వేయాలి, దూది పోగు ఎంత పొడుగుండాలి, ఎప్పుడు అమ్మాలి అన్నవి అప్పటి నుంచి మన చేతి నుంచి జారడం మొదలైంది.

గడియారం ఎవరి చేతిలో

రైతు పనికి పొద్దు గడియారం. నాట్లప్పుడు నడుము విరుగుతుంది, ఎండాకాలం కొంత ఊపిరి దొరుకుతుంది. కష్టం తక్కువ కాదు గాని ఎప్పుడు ఆగాలో వాన, ఎండ, ఎద్దు చెప్తాయి. మిల్లులో యంత్రం ఎద్దు కాదు, అలసిపోదు. మొదట్లో తెల్లారితే మొదలు, పొద్దు గూకితే బంద్. ఎండాకాలం పొద్దు పొడుగు కాబట్టి 14 గంటల దాకా పని. 1905 ప్రాంతంలో కరెంటు దీపాలు వచ్చాయి. చీకటి పడితే ఆగే అడ్డు కూడా పోయింది. కరెంటు మనకు వెలుగు అని చదువుకున్నాం. ఆ కార్మికులకు అది రోజుకు 15 గంటల దాకా పని.

ఆదివారం సెలవు దేవుడిచ్చింది అనుకుంటాం. కాదు. నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన జ్యోతిరావు ఫూలే శిష్యుడు. 1884లో బొంబాయి కార్మికులను కూడగట్టి, 5,500 మంది సంతకాలతో వినతిపత్రం ఇచ్చాడు. అడిగింది ఎంత? వారానికి ఒక రోజు సెలవు. మధ్యాహ్నం అరగంట విరామం. గాయపడితే పరిహారం. నెల జీతం వచ్చే నెల 15 లోపల. అంటే అప్పటిదాకా అవేమీ లేవని అర్థం. ఆరేళ్ళు పోరాడితే 1890 జూన్‌లో మిల్లు యజమానులు ఆదివారం సెలవు ఒప్పుకున్నారు.

చట్టాలు కూడా మెట్టు మెట్టుగా వచ్చాయి. 1881 ఫ్యాక్టరీ చట్టం 7 ఏళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టొద్దన్నది, 12 ఏళ్ళ లోపు వాళ్ళకు 9 గంటలన్నది. 1891లో ఆడవాళ్ళకు 11 గంటల హద్దు. 1911లో బట్టల మిల్లుల్లో మగవాళ్ళకు 12 గంటలు. 1922లో వారానికి 60 గంటలు. స్వాతంత్ర్యం వచ్చాక 1948 చట్టంలో వారానికి 48 గంటలు. 1881 నుంచి 1948 దాకా లెక్కేయండి, 67 ఏళ్ళు. ఈ చట్టాల వెనుక లాంకషైర్ యజమానుల స్వార్థమూ ఉంది, బొంబాయి సరుకు చౌకగా పడుతున్నదని వాళ్ళ ఏడుపు. కాని ప్రతి గంట తగ్గడం వెనుక సమ్మె ఉంది. 1908 జులైలో తిలక్‌కు ఆరేళ్ళ శిక్ష వేస్తే బొంబాయి మిల్లు కార్మికులు ఆరు రోజులు మిల్లులు ఆపారు. 1928లో మగ్గాలు పెంచి మనుషులను తగ్గించే ఎత్తుకు వ్యతిరేకంగా ఆరు నెలలు సమ్మె చేశారు.

మిల్లులోకి కులం రాలేదనుకోవద్దు. నేత విభాగంలో జీతం ఎక్కువ. అక్కడ దళితులను రానివ్వలేదు. కారణం వినండి. నాడెలో కొత్త కండె పెట్టినప్పుడు దారం కొసను నోటితో పీల్చి తీయాలి. ఒకరి నోరు తగిలినది ఇంకొకరు ముట్టరాదని సాకు. అంబేడ్కర్ 1928 సమ్మె కాలంలోనే ఈ సంగతి నిలదీశాడు. యంత్రం కొత్తదైనా దాని ముందు నిలబడ్డ మనిషి మనసు పాతదే. మన సంఘంలో కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఊరు సగం, బొంబాయి సగం

బాపు మిల్లులో పర్మినెంటు కాలేదు, చానా ఏండ్లు బద్లీ. బద్లీ అంటే ఎవరైనా రాని రోజు వాళ్ళ జాగలో పనిచేసేవాడు. రోజూ షిఫ్టు టైముకు గేటు ముందు నిలబడాలి. పిలిస్తే పని, లేకుంటే వాపస్. నెలకు పదిహేను రోజులు దొరికితే గొప్ప. ఏ రోజు దొరుకుతుందో తెలియదు కాబట్టి ఏ రోజూ వేరే పనికి పోలేడు. రోజు మొత్తం మిల్లుది, కూలి మాత్రం పని చేసిన రోజుది. ఈ ముచ్చట దగ్గర ఒక ముడి వేసుకోండి, మళ్ళీ వస్తాను.

ఉండేది చాల్‌లో ఒక్క అర్ర. పది పన్నెండు మంది. మొదటి షిఫ్టు వాళ్ళు లేచిన చాపల మీద రాత్రి షిఫ్టు వాళ్ళు పడుకునేవాళ్ళు. తిండి ఖానావళిలో. ఆ ఖానావళ్ళు నడిపినవాళ్ళు ఎక్కువగా మిల్లు కార్మికుల ఇంటి ఆడవాళ్ళే. పొయ్యి ముందు వాళ్ళ గంటలకు ఏ ఫ్యాక్టరీ చట్టమూ లేదు. 1975లో ప్రేమా పురావ్ అన్నపూర్ణ మహిళా మండలి పెట్టి వాళ్ళకు బ్యాంకు అప్పులు ఇప్పించే దాకా వాళ్ళను పనివాళ్ళుగా లెక్కపెట్టినవాళ్ళు తక్కువ. మిల్లు లోపల కూడా 1920లలో సుమారు ఐదో వంతు ఆడవాళ్ళుండేవాళ్ళు. తర్వాత తర్వాత వాళ్ళనే ముందు తీసేశారు.

మరి ఊర్లో? మా అవ్వ ఎడ్లు కొన్నది, అమ్మింది. మోట కొట్టింది, కలుపు తీసింది, షావుకారుతో బాకీ లెక్క మాట్లాడింది. మనియార్డర్ వచ్చిన నెల ఉప్పు పప్పు, రాని నెల చేతి బదులు. పోస్టుమన్ మా గల్లీకి మలిగితే అవ్వ చేతిలో పని ఆపి నిలబడేది. మా ఇంటిని దాటి పోతే "ఏం బిడ్డా, మాది లేదా?" అని అడిగేది. "రేపొస్తదేమో అవ్వా" అనేవాడాయన. ఇరవై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషి మా అవ్వ. కాని పాసుబుక్కులో రైతు అని రాసింది బాపు పేరు. ఆడవాళ్ళను రైతులుగా గుర్తించాలని మనం ఇప్పుడు తీర్మానాలు చేస్తున్నాం. ఆ తీర్మానం మా ఇంట్లోనే బాకీ ఉంది.

మిల్లు యజమానికి ఇదంతా ఏం లాభం? కార్మికుడి పిల్లలను మా చెల్క సాకింది. కార్మికుడికి జబ్బు చేస్తే ఊరు సాకింది. ముసలైతే ఊరు సాకింది. ఆ ఖర్చు మిల్లు జీతంలో లేదు. అంటే మన రెండెకరాలు మిల్లుకు ఇచ్చిన సబ్సిడీ. రైతుకు సబ్సిడీలు దండగ అనే పెద్దమనుషులకు ఈ లెక్క చెప్పండి.

1982

1982 జనవరి 18న బొంబాయి బట్టల మిల్లుల సమ్మె మొదలైంది. 60కి పైగా మిల్లులు, దాదాపు రెండున్నర లక్షల మంది. దత్తా సామంత్ నాయకుడు. జీతాలు పెంచాలి, బద్లీలను పర్మినెంటు చేయాలి, తమకు నచ్చిన సంఘాన్ని గుర్తించాలి అన్నవి కోర్కెలు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. బాపు ఒక రాత్రి ట్రంకు పెట్టెతో ఇంటికి వచ్చాడు. "రెండు నెలలల్ల అయిపోతది" అన్నాడు. ఆ ఏడు అవ్వ రెండు బస్తాల బియ్యం కట్టి, బొంబాయిలో గేటు దగ్గర కాపలా ఉన్నవాళ్ళకని ఊరివాళ్ళ వెంట బస్సులో పంపింది. కొంకణ్ నుంచి, సతారా నుంచి కూడా కార్మికులు ఊర్లకు పోయి వ్యవసాయం మీద ఆధారపడి నెలల తరబడి నిలబడ్డారు. యజమానులు ఎదురుచూసింది ఆకలి కోసం. ఆకలిని ఆపింది పల్లె.

అయినా గెలవలేదు. ఆ సమ్మెను ఎవరూ విరమించామని ప్రకటించలేదు, అట్లాగే కరిగిపోయింది. లక్షకు పైగా మంది పని పోగొట్టుకున్నారు. పని భివండీ లాంటి చోట్ల చిన్న చిన్న మరమగ్గాల షెడ్లకు పోయింది. అక్కడ 48 గంటల చట్టం కాగితం మీదే. తర్వాత 1991లో మిల్లు భూములు అమ్ముకోవడానికి దారి తెరిచారు. మొదట మూడో వంతు జాగ నగరపాలికకు, మూడో వంతు ప్రజల ఇండ్లకు, మూడో వంతు యజమానికి అన్నారు. 2001లో ఆ నిబంధననే మార్చారు. 2006లో సుప్రీం కోర్టు కూడా ఆ మార్పును సరేనన్నది. ఇయ్యాల ఆ చిమ్నీల కింద మాల్స్, అద్దాల మేడలు ఉన్నాయి. నేసిన బట్ట కంటే కింది జాగ విలువ పెరిగినప్పుడు కార్మికుడు అడ్డం అవుతాడు. పండిన పంట కంటే కింది భూమి విలువ పెరిగినప్పుడు రైతు అడ్డం అవుతాడు. ఇండస్ట్రియల్ పార్కు నోటీసు వచ్చిన ఊర్లవాళ్ళకు నేను విడమరిచి చెప్పనక్కర లేదు.

బాపు మళ్ళీ పోలేదు. సిరిసిల్లలో కొంతకాలం సాంచెలు నడిపాడు. ఆ సాంచెల బతుకు ఏమైందో మీకు తెలుసు, నేతన్నల ఆత్మహత్యలు మన కళ్ళ ముందరివే. 2017 నుంచి బతుకమ్మ చీరెల ఆర్డర్ వచ్చినప్పుడు కొంత కోలుకున్నారు. ఆర్డర్ ఒక్కటే దిక్కైతే ఏం జరుగుతుందో కూడా చూశారు. ఆ ఇండ్లల్లో ఆడవాళ్ళు చేసిన బీడీలే చాలాసార్లు పొయ్యి వెలిగించాయి. బాపు మిల్లు నుంచి తెచ్చుకున్న ఆస్తి ఒక గుర్తింపు కార్డు, ఒక దగ్గు. ఇరవై ఏళ్ళు పీల్చిన దూది దుమ్ము. కార్డు ఇంట్లో ఉంది. దగ్గు ఆయనతో పోయింది.

ఇప్పటి మన గేటు

ఇప్పుడు ముడి విప్పుతాను. పోయిన ఏడాది నేను పత్తి తీసుకొని ఒక కొనుగోలు కేంద్రానికి పోయాను. ట్రాక్టర్ కిరాయి మాట్లాడుకున్నాను. జిన్నింగ్ మిల్లు గేటు ముందు లైను. ఆ రాత్రి అక్కడే. తెల్లారి సర్వర్ పనిచేయలేదన్నారు. రెండో రాత్రి మంచు పడింది. మూడో రోజు మీటరు పెట్టారు. మద్దతు ధర పూర్తిగా రావాలంటే తేమ 8 శాతం మించరాదు, 12 దాటితే కొనరు. మీటరు 12 దాటింది. ఇంటి దగ్గర ఆరబెట్టిన పత్తి గేటు ముందు తడిసింది. ఎవరి తప్పు? అడిగితే "తీసుకుపోయి ఆరబెట్టుకొని రా పెద్దాయనా" అన్నాడు ఆ పిల్లగాడు. వాడిని తిట్టలేను, వాడూ రోజు కూలీనే. కిరాయి పెరుగుతున్నది. గేటు బయటే నిలబడ్డ వ్యాపారికి తక్కువకు ఇచ్చి వచ్చాను.

ఆ రెండో రాత్రి ట్రాలీ మీద పండుకున్నప్పుడు నాకు బాపు యాదికొచ్చాడు. గేటు ముందు నిలబడటం, పిలుస్తారో లేదో తెలియకపోవడం, రోజు మొత్తం వాళ్ళది కావడం, నష్టం మాత్రం మనది కావడం. బాపు మిల్లు గేటుకు బద్లీ. నేను కూడా బద్లీనే. తేడా ఒకటుంది. కార్మికుడి గంటలకు చట్టంలో లెక్క ఉంది. గేటు ముందు నిలబడ్డ రైతు గంటలకు లెక్క లేదు. చెరకు రైతుకు 1966 నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 14 రోజుల్లో డబ్బులివ్వాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ కట్టాలి. అమలు కోసం కొట్లాడాలి గాని, కొట్లాడటానికి చేతిలో కాగితమైనా ఉంది. పత్తి గేటు ముందు మనం అడగాల్సింది అటువంటి కాగితమే. టోకెన్ ఇచ్చిన రోజే కొనాలి, ఆగిన ప్రతి రోజుకూ పరిహారం ఇవ్వాలి.

పొద్దున తమ్ముడు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. మద్దతు ధర కాగితం మీద ఎంతైనా పెంచనీ, గేటు ముందు రెండు రాత్రులు నిలబెడితే ఆ ధర మన చేతికి రాదు. గంటలను లెక్కలోకి తెచ్చింది మిల్లు కార్మికులు. అది ఎట్లా చేశారో వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి.

ఇంకో సంగతి. పాత 29 కార్మిక చట్టాలను 2019, 2020లలో నాలుగు కోడ్‌లుగా చేశారు. మన మూడు వ్యవసాయ చట్టాలూ 2020లోనే వచ్చాయి. 2020 నవంబర్ 26న కార్మిక సంఘాల దేశవ్యాప్త సమ్మె, రైతుల ఢిల్లీ చలో ఒకే రోజు జరిగాయి. ఏడాది నిలబడ్డాం, వ్యవసాయ చట్టాలు వాపస్ పోయాయి. కార్మిక కోడ్‌లు వాపస్ పోలేదు. మన పిల్లలే హైదరాబాద్ కంపెనీల్లో పన్నెండు గంటల డ్యూటీ చేస్తున్నారు. "వాళ్ళది వాళ్ళు చూసుకుంటారు" అందామా?

చేయాల్సిన పని

మూడు పనులు ప్రతిపాదిస్తున్నాను. చర్చించండి, తప్పైతే దిద్దండి.

ఒకటి. ఈ సీజన్‌లో పత్తి అమ్మే ప్రతి సభ్యుడు ఒక నోటుబుక్కు పెట్టుకోవాలి. గేటు దగ్గరకు వచ్చిన తారీకు, గంట, మీటరు చూపిన తేమ, కిరాయి, చివరికి చేతికి వచ్చిన డబ్బు రాయాలి. వంద మంది రాస్తే అది వినతిపత్రం. లోఖండే 5,500 సంతకాలు సేకరించినప్పుడు చేతిలో సెల్‌ఫోన్ లేదు.

రెండు. ప్రతి ఊర్లో మగవాళ్ళు వలస పోయి ఆడవాళ్ళు వ్యవసాయం చేస్తున్న ఇండ్ల జాబితా తయారు చేయాలి. బొంబాయి పోయినా, గల్ఫ్ పోయినా లెక్క ఒకటే. వాళ్ళ పేర్లతో సభ్యత్వం రాయాలి, మీటింగుకు వాళ్ళనే పిలవాలి.

మూడు. వచ్చే నెల మండల సమావేశానికి సాంచెల కార్మికులను, బీడీ అక్కలను, జిన్నింగ్ మిల్లు హమాలీలను పిలవాలి. ఉపన్యాసాలకు కాదు, గేటు లోపల ఏం జరుగుతుందో వాళ్ళు చెప్పాలి, గేటు బయట ఏం జరుగుతుందో మనం చెప్పాలి. ఆ రోజు నాకు "తీసుకుపో" అన్న పిల్లగాడు కూడా వస్తే మంచిది. వాడికి రోజుకు ఎన్ని గంటల పనో అప్పుడు నేను అడగలేదు. అడగాల్సి ఉండె.

 ఇక మీ ప్రశ్నలు చెప్పండి.